నెల్లూరు ఎండలో ప్యారిస్ హిల్టన్ సెంట్లు

న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు సెలవులకు వచ్చిన ప్రతిసారీ ప్యారిస్ హిల్టన్ పేరున్న సెంటు సీసాలు ఒకటో రెండో తెస్తుంది. మొదటిసారి తెచ్చినప్పుడు వాటిని విప్పకుండా బీరువాలో పట్టుచీరల పక్కన దాచాను. ఏడాది గడిచాక, దాచుకుంటే సెంటు పాతబడటమే తప్ప ప్రయోజనం లేదని తెలిసి ఒక్కొక్కటే వాడటం మొదలుపెట్టాను. ఇప్పటికి ఆడవారి సెంట్లు నాలుగు, మగవారి కోసం చేసిన కొలోన్ ఒకటి మా ఇంట్లో వాడకంలోకి వచ్చాయి. వీటి గురించి నాకు కనిపించిన సమీక్షలు దాదాపు అన్నీ చలిదేశాల వారు రాసినవే. 20 డిగ్రీల వాతావరణంలో ఆరేడు గంటలు నిలిచిందని వారు మెచ్చుకున్న సెంటు, మే నెల మధ్యాహ్నం నెల్లూరు ట్రంక్ రోడ్డులో నాలుగు అడుగులు వేసేసరికి ఏమవుతుందో ఆ సమీక్షలు చెప్పవు. ఆ సంగతి తెలుసుకోవాలనుకునే వారి కోసం, రెండు ఎండాకాలాలు, ఒక వానాకాలం పాటు వాడి చూసిన మీదట ఇది రాస్తున్నాను.

ప్యారిస్ హిల్టన్ 1981లో న్యూయార్క్‌లో పుట్టింది. హిల్టన్ హోటళ్లను స్థాపించిన కాన్రాడ్ హిల్టన్‌కు ఈమె మునిమనవరాలు. ఆయన 1919లో టెక్సస్ రాష్ట్రంలోని సిస్కో అనే చిన్న ఊళ్లో కొన్న హోటలుతో ఆ వ్యాపారం మొదలైంది. మునిమనవరాలు మోడలింగ్ చేస్తూ, పెద్ద నగరాల విందులలో తరచూ కనిపిస్తూ సోషలైట్‌గా పేరు తెచ్చుకొని, 2003 చివర్లో మొదలైన ఒక టీవీ రియాలిటీ కార్యక్రమంతో అమెరికాలో ఇంటింటికీ తెలిసిన మనిషి అయింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 2004లో, తన పేరుతోనే మొదటి సెంటు మార్కెట్లోకి తెచ్చింది. తయారు చేసి అమ్మే బాధ్యత ఫ్లోరిడాలోని పార్లక్స్ అనే కంపెనీది. 2005లో మగవారి సెంటుతో పాటు ఆడవారికి 'జస్ట్ మీ', 2006లో 'ఎయిరెస్', 2007లో 'క్యాన్ క్యాన్', 2008లో 'ఫెయిరీ డస్ట్', 2009లో 'సైరన్' వచ్చాయి. ఆ తరువాత కూడా వరుస ఆగలేదు. 2016లో 'గోల్డ్ రష్', 2017లో 'రోజే రష్' వచ్చాయి.

ప్రముఖుల పేరు మీద సెంటు అమ్మడం ఈమెతో మొదలైన పని కాదు. 1981లోనే సోఫియా లారెన్ పేరుతో ఒకటి, 1991లో ఎలిజబెత్ టేలర్ 'వైట్ డైమండ్స్' వచ్చాయి. 2002లో జెన్నిఫర్ లోపెజ్ 'గ్లో' బాగా అమ్ముడుపోయాక ఆ దారిన చాలామంది నడిచారు. 2004లో బ్రిట్నీ స్పియర్స్ సెంటు కూడా ప్యారిస్ హిల్టన్ సెంటుతో పాటే వచ్చింది. ఈ సెంట్లను ఆ ప్రముఖులు స్వయంగా కలపరు. సువాసనలు కూర్చడమే వృత్తిగా ఉన్న నిపుణులు ప్రయోగశాలలో తయారు చేస్తారు, పేరున్నవారు వాటిలోంచి ఎంచుకొని, ప్రచారంలో ముఖం చూపిస్తారు. అందువల్ల సీసా మీది పేరు చూసి మురిసిపోవడం ఎంత తొందరపాటో, హోటలు యజమాని మునిమనవరాలికి సెంట్ల గురించి ఏం తెలుసని తీసిపారేయడం కూడా అంతే తొందరపాటు. ముక్కుకు అందినదాన్ని బట్టి తీర్పు చెప్పడమే న్యాయం.

కొనేవారిని తికమక పెట్టే రెండు మూడు మాటల సంగతి ముందు తేల్చుకోవాలి. అమెరికాలో మగవారు పూసుకునే ఏ సెంటునైనా వాడుకగా కొలోన్ అంటారు. అసలు కొలోన్ అనేది జర్మనీలోని కొలోన్ నగరంలో 18వ శతాబ్దం మొదట్లో స్థిరపడిన ఫరీనా అనే ఇటలీ వ్యక్తి చేసిన నిమ్మజాతి వాసనల పలుచని పరిమళం. అందులో సువాసన నూనెల పాలు సుమారు 2 నుంచి 5 శాతం మాత్రమే ఉంటుంది. సీసా మీద ఈడీటీ (ఓ ద తువాలెట్) అని ఉంటే సుమారు 5 నుంచి 15 శాతం, ఈడీపీ (ఓ ద పార్ఫమ్) అని ఉంటే 15 నుంచి 20 శాతం అని స్థూలంగా లెక్క. మిగిలినదంతా దాదాపుగా ఆల్కహాలే. ప్యారిస్ హిల్టన్ ఆడవారి సెంట్లలో మా ఇంటికి వచ్చినవన్నీ ఈడీపీలు, మగవారిది ఈడీటీ. కాబట్టి దుకాణదారుడు కొలోన్ అని చెప్పి ఇచ్చినా అది పాతకాలపు పలుచని కొలోన్ కాదు, ధారాళంగా ఒంటినిండా చల్లుకోవలసింది అసలే కాదు.

ఇక మొదటి సెంటు. 2004లో వచ్చిన ఈ 'ప్యారిస్ హిల్టన్' గురించే నేను ఎక్కువగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఈ వరుసలో నేను వాడినవాటిలో మనవారి ఒంటికి, మన పూల అలవాటుకు దగ్గరగా వచ్చినది ఇదొక్కటే. ఇందులో పైకి తగిలే వాసనలు ఆపిల్, పీచ్ పండ్లవి. నడుమ మిమోసా, ఫ్రీసియా, జాజి, నేలసంపెంగ ఉన్నాయి. అడుగున గంధపుచెక్క, కస్తూరి, ఓక్ చెట్ల నాచు వాసనలు కూర్చారు. చల్లుకున్న మొదటి పది నిమిషాలు పండ్ల రసం సీసా మూత తీసినట్టు తియ్యగా, కొంచెం చల్లగా ఉంటుంది. ఆ దశలోనే నచ్చలేదని పక్కన పెట్టేవారు చాలామంది ఉంటారు, మొదట నేనూ అలాగే చేశాను. పది నిమిషాలు ఓపిక పడితే పండ్లు వెనక్కి తగ్గి పూలు ముందుకు వస్తాయి.

ఒకరోజు సాయంత్రం తల్పగిరి రంగనాథస్వామి గుడికి బయలుదేరబోతూ ఈ సెంటు మణికట్టుకు ఒక్కసారి కొట్టుకొని, దీపాలు వెలిగించి, మంచినీళ్ల సీసా నింపుకొని హాల్లోకి వచ్చాను. మా అత్తయ్య పేపరు మీంచి తల ఎత్తకుండానే, "లిల్లీ పూలు తెచ్చావా అమ్మా, దండ కట్టాలి" అని అడిగారు. మన దగ్గర పెళ్లిదండల్లో కట్టే తెల్లని లిల్లీలే నేలసంపెంగలు. వాటినే సెంట్ల వారు ట్యూబరోజ్ అంటారు. పెట్టె మీద రాసిన పట్టిక చూడని డెబ్బై ఏళ్ల మనిషి ముక్కుకు ఆ పువ్వు అంత స్పష్టంగా అందిందంటే, దాన్ని కూర్చినవారు పని తెలిసినవారేనని నాకు నమ్మకం కుదిరింది. అప్పటిదాకా ఆవిడ సెంట్లంటేనే తలనొప్పి అనేవారు. ఇది మాత్రం అభ్యంతరం చెప్పలేదు.

మిమోసా అన్న మాట చూసి అదేదో మనకు తెలియని పువ్వు అనుకోనక్కరలేదు. సెంట్లలో వాడే మిమోసా మన తుమ్మచెట్టుకు చుట్టం. నీలగిరి కొండల్లోనూ ఆ చెట్లు విరివిగా పెరుగుతున్నాయి. మన చెరువు గట్ల మీద తుమ్మలు పూసినప్పుడు పసుపుపచ్చని చిన్న బంతుల్లాంటి పూలు రాలి ఉంటాయి కదా, వాటిని అరచేతిలో నలిపి చూస్తే తేనె, పౌడరు కలిసినట్టు వచ్చే మెత్తని వాసన ఈ సెంటు నడుమ భాగంలో దొరుకుతుంది. ఫ్రీసియా సంగతి వేరు. ఆ పువ్వు నుంచి వ్యాపారానికి సరిపడా సారం తీయడం కుదరదు కనుక, ఆ వాసనను ప్రయోగశాలలోనే కూర్చాలి. జాజి, మల్లె సారాలు మాత్రం తమిళనాడులో పెద్ద ఎత్తున తీసి ప్రపంచమంతటికీ పంపుతారు. కిలో సారానికి వందల కిలోల పూలు కావాలి. ఈ ధరలో దొరికే సెంట్లలో అటువంటి సహజ సారాల పాలు తక్కువగా ఉంటుందని, కృత్రిమ సువాసన పదార్థాలే ఎక్కువ భారం మోస్తాయని తెలిసి కొనుక్కోవాలి. అది మోసం కాదు, సెంట్ల పరిశ్రమ అంతా నడిచే తీరు అదే.

ఇప్పుడు ఎండ సంగతి. సెంటులోని ప్రతి పదార్థం ఒక్కో వేగంతో ఆవిరవుతుంది. పండ్లు, నిమ్మజాతి వాసనలు తేలికైనవి కనుక ముందు లేచిపోతాయి, పూలు ఆ తరువాత, గంధం, కస్తూరి వంటి బరువైనవి చివరిదాకా ఒంటిని అంటిపెట్టుకొని ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఈ మూడు దశలూ దగ్గరపడిపోతాయి. చలిదేశంలో గంటసేపు నెమ్మదిగా విప్పుకొనే సెంటు మన ఎండలో పావుగంటలో అంతా ఒక్కసారి పైకి లేస్తుంది, అందుకే అంత తీపి, అంత ఘాటు అనిపిస్తుంది. దానికి మన సముద్రపు గాలిలోని తేమ తోడవుతుంది. చెమట ఆరదు, పూసుకున్న సెంటు ఆ చెమటతో కలిసి పలుచబడుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో నా ఒంటి మీద మొదటి సెంటు బయట నడిచినప్పుడు రెండున్నర గంటలకు మించి నిలవలేదు. అదే సెంటు కార్తీక మాసంలో, వాన కురిసి చల్లబడిన రోజున, సాయంత్రం ఆరింటికి పూసుకుంటే రాత్రి పడుకునే ముందు కూడా మణికట్టు దగ్గర పలుచగా గంధం తగిలింది. రెండూ ఒకే సీసాలోంచి వచ్చినవే.

ఒంగోలులో మా తోడికోడలి కూతురి పెళ్లికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లినప్పుడు 'క్యాన్ క్యాన్' పూసుకున్నాను. ఇందులో కమలాజాతి పండు, నెక్టరిన్, నల్లద్రాక్షను పోలిన బ్లాక్‌కరెంట్, నడుమ నారింజ పువ్వు, అడుగున అంబర్ అనే వెచ్చని, తియ్యని వాసన, కస్తూరి. పేపరు ముక్క మీద కొట్టి చూసినప్పుడు చాలా బాగుంది. రిజర్వేషన్ పెట్టెలో జనం నిండి, కావలి దాటేసరికి ఫ్యాన్ల గాలి కూడా వేడెక్కింది. ఆ ఉక్కలో బ్లాక్‌కరెంట్ తీపి, అంబర్ వెచ్చదనం కలిసి బెల్లం పాకం పొయ్యి మీద అడుగంటుతున్నట్టు అనిపించింది. పక్క సీటులో పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి మర్యాదగా కిటికీ వైపు జరిగింది. ఆమె ముఖంలోని ఇబ్బంది చూసి నాకు చాలా బాధ కలిగింది. ఒంగోలు స్టేషనులో దిగగానే మణికట్లు, మెడ కడుక్కున్నాను. తప్పు సెంటుది కాదు, వేళ ఎరగక నాలుగుసార్లు కొట్టుకున్న నాదే. అదే 'క్యాన్ క్యాన్' ఏసీ ఉన్న కల్యాణమండపంలో, రాత్రి రిసెప్షన్‌కు, దుస్తుల లోపలి వైపు ఒక్కసారి కొట్టుకుంటే హాయిగా ఉంటుందని తరువాత తెలిసింది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది. నా వయసుకు తీపి ఎక్కువ.

'ఎయిరెస్' గురించి పెద్దగా చెప్పేది లేదు. పండ్లు, హనీసకుల్ పువ్వు, అడుగున వెనిల్లాను పోలిన వాసనుండే టోంకా గింజ కలిసిన తేలికైన సెంటు. హనీసకుల్ మన దగ్గర ఇళ్ల ముందు పెరగదు కానీ, రాత్రివేళ రాధామనోహరం తీగ కింద నిలబడితే వచ్చే వాసన దానికి కొంత దగ్గర. బాగుంటుంది, అయితే తొందరగా మాయమవుతుంది. 'రోజే రష్'లో గులాబీ, లిచీ ముందు వస్తాయి. ఆఫీసుకు, కాలేజీకి వెళ్లేవారికి ఈ నాలుగింటిలో ఇబ్బంది పెట్టనిది ఇదే. ఉదయం ఎనిమిదింటికి స్నానం చేసి పూసుకుంటే పదకొండు వరకు శుభ్రంగా, సబ్బుతో కడిగినట్టు ఉంటుంది. అంతకు మించి ఆశించకూడదు.

మగవారి కొలోన్ పరీక్ష మా తమ్ముడి మీద జరిగింది. వాడికి ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారి మేత చల్లించడం, ఏరేటర్లు చూసుకోవడం, మధ్యాహ్నం బ్యాంకుకో, మేత డీలరు దగ్గరకో నెల్లూరు రావడం వాడి దినచర్య. చెరువు గట్టు మీద ఉన్నంతసేపు మేత వాసన, బురద వాసన ఒంటికి పట్టి, స్నానం చేసినా సందేహంగానే ఉంటుందని వాడు ఎప్పుడూ అనేవాడు. 'ప్యారిస్ హిల్టన్ ఫర్ మెన్'లో మామిడి, కీరదోస, అత్తి ఆకు వాసనలు ముందు వస్తాయి, తరువాత సేజ్ ఆకు, కస్తూరి. మామిడి అనగానే మనకు పండిన బంగినపల్లి గుర్తుకొస్తుంది, కానీ ఇది ఆ తీపి కాదు. పచ్చి మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చేతికి అంటే జీడి వాసనలోని పచ్చదనం ఇందులో ఉంది. దాని పక్కనే కోసిన కీరదోస చల్లదనం చేరుతుంది. ఎండకు ఇది చాలా చక్కగా పనిచేస్తుంది. వేడి పెరిగినా ముద్దకట్టదు, ఘాటెక్కదు. స్నానం చేసి, ఒళ్లు పూర్తిగా తుడుచుకొని, మెడ వెనుక ఒకసారి, చొక్కా లోపలి వైపు ఒకసారి కొట్టుకుంటే మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదు దాకా నిలుస్తోందని వాడు చెప్పాడు. మా మరదలు ఇంకో మాట కూడా చెప్పింది. వాడు సాయంత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే ఆ కాలరు దగ్గర ఇంకా ఆకు వాసన ఉంటుందట. ఈ వరుస మొత్తంలో మన జిల్లా వాతావరణానికి కావాలని చేసినట్టు ఉన్నది ఇదేనని నా అభిప్రాయం. ఆడవారు కూడా నిస్సంకోచంగా వాడుకోవచ్చు, నేను రెండుసార్లు వాడాను.

సముద్రపు వాసన అని రాసి ఉండే సెంట్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మొదటి సెంటు పట్టికలో కూడా తడిగాలి వాసన అన్నట్టు ఒకటి ఉంటుంది. మైపాడు తీరంలో నిలబడి పీల్చిన గాలిలో ఉప్పు, ఎండిన వలలు, చేపలు, తడి ఇసుక ఉంటాయి. సెంట్ల వారి సముద్రం అది కాదు. పుచ్చకాయ గుజ్జు, మంచు కలిసినట్టుండే కృత్రిమ పదార్థాలతో వారు తయారు చేసే ఊహ అది. మైపాడు గాలి కోసం కొనేవారు నిరాశపడతారు, వాన పడబోయే ముందు మారే గాలి అనుకుని పీల్చేవారికి ఆనందం కలుగుతుంది.

నెల్లూరు వారికి సెంటు కొత్త కాదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగినప్పుడు, కోరికల రొట్టెలు మార్చుకోవడానికి వచ్చే జనం నడుమ అత్తరు అమ్మేవారు చిన్న చిన్న సీసాల పెట్టెలు తెరిచి కూర్చుంటారు. క్రితంసారి అక్కడ ఒక పెద్దాయన గాజుపుల్లతో నా ఎడమ ముంజేతి మీద మొగలి అత్తరు ఒక గీత గీశారు. కుడి చేతికి ఆ సాయంత్రం మొదటి ప్యారిస్ హిల్టన్ సెంటు ఉంది. రెండింటినీ ఒకే వేళ, ఒకే ఎండలో పోల్చి చూసే అవకాశం అలా దొరికింది. అత్తరులో ఆల్కహాలు ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి పాత్రల్లో పూలను ఉడికించి, ఆ ఆవిరిని సంప్రదాయంగా గంధపునూనెలోకి దింపుతారు. నూనె తొందరగా ఆవిరి కాదు కనుక అత్తరు దూరానికి వ్యాపించదు, ఒంటికి దగ్గరగా మెలగుతుంది. ఇంటికి వచ్చేసరికి కుడిచేతి సెంటులో కస్తూరి జాడ మాత్రమే మిగిలింది, ఎడమచేతి మొగలి మర్నాడు ఉదయం స్నానం దాకా ఉంది. నిలకడలో ఈ సెంట్లు అత్తరుకు సాటిరావు. అయితే అత్తరు ఒకే పువ్వు ఒకే పాటగా చివరిదాకా సాగుతుంది, ఈ సెంటులో పండు, పువ్వు, గంధం ఒకదాని తరువాత ఒకటి వచ్చే మార్పు ఉంది. నాకు రెండూ కావాలి.

అత్తరు నుంచి నేర్చుకున్న ఒక పద్ధతి ఈ సెంట్లకూ ఉపయోగపడింది. స్నానం చేశాక మణికట్టుకు, మెడ పక్కల కొబ్బరినూనె ఒక్క చుక్క రాసి, అది ఇంకాక దాని మీద సెంటు కొడితే, పొడిచర్మం మీద కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. మొదటి సెంటు మే నెలలో కూడా ఇలా వాడితే గంటకు పైగా అదనంగా నిలిచింది. మణికట్లు ఒకదానితో ఒకటి రుద్దడం మాత్రం మానాలి, ఆ రాపిడికి తేలికైన వాసనలు ముందే లేచిపోతాయి. పట్టు మీద, జరీ మీద ఎన్నడూ కొట్టకూడదు. వెంకటగిరి చీర ఒకదాని అంచు మీద నాకు ఇప్పటికీ రూపాయి బిళ్లంత మరక ఉంది.

నకిలీల సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. మొదటి సీసా అయిపోయాక ఆడపడుచు వచ్చేదాకా ఆగలేక, ఊళ్లోనే ఒక దుకాణంలో అదే పేరున్న సీసా 1,900 రూపాయలకు కొన్నాను. ఇంటికి తెచ్చి పాత సీసా పక్కన పెట్టి చూస్తే తేడాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పాత సీసా మూత బరువుగా, గట్టిగా బిగిసేది, కొత్తదాని మూత వేలితో నెడితే జారిపోయింది. పెట్టె మీది అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. అసలు సీసాకు, పెట్టెకు అడుగున ఒకే బ్యాచ్ నంబరు ఉంటుంది. దీనికి పెట్టె మీద ఒకటి, సీసా మీద వేరొకటి. దిగుమతి చేసుకున్న వస్తువు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర తప్పనిసరిగా ఉండాలని మన చట్టం చెబుతోంది. దీని మీద ధర చీటీ తప్ప ఏమీ లేదు. కొట్టుకుంటే మొదట ఆపిల్ వాసన వచ్చిన మాట నిజమే కానీ, పది నిమిషాలకు పూలు రావలసిన చోట నెయిల్ పాలిష్ లాంటి ఘాటు మిగిలింది, మెడ మీద చర్మం ఎర్రబడింది. తిరిగి తీసుకెళ్తే బిల్లు లేదు కనుక మార్చడం కుదరదన్నారు. బిల్లు అడగకపోవడం నా పొరపాటు. ఆ సీసాను పారవేశాను. ఎవరైనా కొనేముందు బ్యాచ్ నంబర్లు రెండూ సరిపోయాయా అని దుకాణంలోనే చూసుకోవాలి, బిల్లు లేకుండా తీసుకోకూడదు.

ధర విషయంలో ఈ సెంట్లు అందుబాటులో ఉన్నాయనే చెప్పాలి. అమెరికాలో తగ్గింపు ధరల దుకాణాల్లో 100 మిల్లీలీటర్ల సీసా 20 నుంచి 40 డాలర్ల మధ్య దొరుకుతోందని ఆడపడుచు చెబుతుంది. విమానంలో చేతిసంచిలో అనుమతించే ద్రవాల హద్దు కూడా సీసాకు 100 మిల్లీలీటర్లే కనుక తేవడానికి ఇబ్బంది ఉండదు. రోజుకు రెండుసార్లు కొట్టుకునే లెక్కన నాకు ఒక సీసా దాదాపు ఏడాది వచ్చింది. సీసాలు అద్దం ముందు, కిటికీ దగ్గర, స్నానాలగదిలో పెట్టకూడదు. వెలుతురు, వేడి తగిలితే రంగు ముదిరి వాసన చేదెక్కుతుంది. నేను వాటిని వాటి అట్టపెట్టెల్లోనే, బీరువా అడుగు అరలో ఉంచుతున్నాను.

ఈ సంక్రాంతికి వస్తూ ఏం తేవాలని ఆడపడుచు ఫోనులో అడిగింది. మొదటి సెంటు రెండు సీసాలు, మగవారి కొలోన్ ఒకటి చాలని చెప్పాను. మిగిలిన 'క్యాన్ క్యాన్' సీసా మా మేనకోడలికి ఇచ్చాను. ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్న ఆ పిల్ల దాన్ని హాస్టలు వార్షికోత్సవం రాత్రి కోసం దాచుకుంది. ఫోను పెట్టేసేముందు పక్కనే కూర్చున్న అత్తయ్య చెయ్యి చాపి రిసీవరు తీసుకొని, "ఆ లిల్లీపూల సెంటు నాక్కూడా ఒకటి, చిన్న సీసా అయినా సరే" అన్నారు.